గడిలో ఇంటూ

మా అత్తయ్య పేరు చెడగొట్టింది నేనే. ఈ మాట ఒప్పుకోడానికి నాకు మూడు నెలలు పట్టింది. అందుకే ఇక్కడ మొదట్లోనే చెప్పేస్తున్నాను, మళ్లీ నసుగుతానేమోనని.

మేమిద్దరం ఒకే కార్ఖానాలో పనిచేసేవాళ్లం. ఎత్తు మీద పనిచేసేవాళ్లు నడుముకీ భుజాలకీ కట్టుకునే బెల్టులు కుట్టే చోటు అది. గోడలకు రంగులేసేవాళ్లు, అద్దాలు తుడిచేవాళ్లు, కరెంటు స్తంభాలెక్కేవాళ్లు మా బెల్టులు కొనేవారు. అత్తయ్య అంటే మా ఆయన తల్లి. ఆవిడ అక్కడ ఇరవయ్యారేళ్లుగా బెల్టులు పరీక్ష చేసే మనిషి. నేను ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. నాకా ఉద్యోగం ఇప్పించింది కూడా ఆవిడే. "మా కోడలికి కంప్యూటర్ వచ్చు సార్" అని ఓనరు దగ్గర ఎంత గొప్పగా చెప్పిందో, ఆ గొప్పని నేను నాలుగేళ్లు నెత్తిన పెట్టుకు తిరిగాను.

బెల్టు ఎలా కుడతారో కాస్త చెప్పాలి. నల్లటి నాడా మడిచి రెండు పొరలు చేస్తారు. పొరలు జారకుండా ముందు ఆకుపచ్చ దారంతో వదులుగా కచ్చా కుట్టు వేస్తారు. తర్వాత ఎర్ర దారంతో నలుచదరంగా ఒక గడి కుట్టి, ఆ గడిలో మూల నుంచి మూలకి రెండు గీతలు, ఇంటూ గుర్తులాగా కుడతారు. గడిలో ఇంటూ పూర్తిగా పడితేనే ఆ బెల్టు మనిషి బరువు ఆపుతుంది. అది పడ్డాక ఆకుపచ్చ దారం లాగేస్తారు. నల్ల నాడా మీద ఒక్క పోగు తప్పినా కనబడాలని ఎర్ర దారం వాడతారు.

కుట్టేవాళ్లకి ఏ బెల్టు మీదైనా అనుమానం వస్తే అది అత్తయ్య బల్ల మీదికి వచ్చేది. దాన్ని అందరూ అనుమానం బల్ల అనేవారు. "మీ అత్తగారికి అనుమానం బల్ల ఇచ్చారు, ఇంట్లో నీ గతేంటో" అని కుట్టుపని వాళ్లు నన్ను ఏడిపించేవారు. పది బెల్టులొస్తే ఐదారు బాగానే ఉండేవి, మిగతావి పనికిరానివి. ఆవిడ బొటనవేలితో గడి చుట్టూ తడిమి, ఇంటూ మధ్యలో గోరుతో ఒక్కసారి నొక్కి, బాగున్నదాన్ని ఎడమ బుట్టలో, బాగోలేనిదాన్ని కుడి బుట్టలో వేసేది. దారం మధ్యలో తెగి ఇంటూ పూర్తికానిది కనిపిస్తే మాత్రం ముఖం చిట్లించి "సగం కుట్టు" అనేది, ఎవరినో తిడుతున్నట్టు.

ఓనరుకి ఒకరోజు ఆ బుట్టలు మోటుగా కనిపించాయి. ఏ బెల్టు ఏమైందో కంప్యూటర్లో కనబడాలన్నాడు. అత్తయ్య బల్ల మీద పలక సైజు తెర ఒకటి పెట్టించాడు. బెల్టు చూసి తెర మీద రెండు బొమ్మల్లో ఒకటి నొక్కాలి. నొక్కగానే గీతల కాగితం ముక్క బయటికొస్తుంది. దాన్ని బెల్టుకి అంటించి తొట్టిలో వేస్తే చాలు. ప్యాకింగ్ దగ్గరున్న మిషను ఆ గీతలు చదివి, పెట్టెలోకి పోయేవి ఏవో, ముక్కలు చెయ్యడానికి పోయేవి ఏవో తనే వేరు చేస్తుంది.

బొమ్మలు ఎంచింది నేను. అత్తయ్య బడికి వెళ్లింది రెండేళ్లే, అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. అందుకని అక్షరాలొద్దు, బొమ్మలు పెట్టండని తెర బిగించడానికి వచ్చిన మనిషికి చెప్పాను. అతను పేజీ నిండా బొమ్మలు చూపించాడు. నేను నిమిషంలో తేల్చేశాను. బెల్టు బాగుంటే ఆకుపచ్చ టిక్కు. బాగోలేకపోతే ఎర్ర గడిలో ఎర్ర ఇంటూ. నల్లటి తెర మీద రెండూ మెరిసిపోయాయి. లెక్కల టీచరు నా పలక మీద ఇంటూ కొట్టిన రోజు నుంచీ నాకు అది తప్పు గుర్తే కాబట్టి, లోకానికంతా అది తప్పు గుర్తేనని నా నమ్మకం.

నేర్పడానికి నాకు అరగంట ఇచ్చారు. నేను ఐదు నిమిషాల్లో ముగించాను.

"చూడండి అత్తయ్యా. బెల్టు చూస్తారు, తగిన బొమ్మ నొక్కుతారు. అంతే."

ఆవిడ తెరకి దగ్గరగా వంగి, ఎర్ర గడి మీద బొటనవేలు పెట్టబోయి ఆగింది. "కుట్టు భలే గీశారే" అంది.

వేళాకోళం చేస్తోందనుకుని నవ్వాను. "అర్థమైందిగా?"

"అర్థం కాకపోడానికేముందే, తెలిసిన కుట్టేగా."

ఆ మాట దగ్గరైనా నేను ఆగాల్సింది. ఆగలేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాను అని ఆఫీసులో అందరితో చెప్పుకున్నాను. ఏ బొమ్మ దేనికో నా నోటితో ఒక్కసారి కూడా చెప్పలేదు.

పనికిరాని బెల్టుల్ని ముక్కలు చేసే ఆయన్ని కార్ఖానాలో అందరూ కత్తెర అనేవారు. నేను మాత్రం బాబాయ్ అని పిలిచేదాన్ని. తెర పెట్టిన నాలుగో రోజు ఆయన చేతులు దులుపుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, నా దగ్గరికి మంచి బెల్టులు వస్తున్నాయి."

"మంచివైతే మీ దగ్గరికెందుకొస్తాయి బాబాయ్?"

"అదే నేనూ అడుగుతున్నా."

"పరీక్ష చేసేది మా అత్తయ్య. ఆవిడ కంటికి కనబడిన తప్పు మీ కంటికి ఆనడం లేదేమో. వచ్చినవి కోసెయ్యండి."

"మీ అత్తగారి చెయ్యి నాకు తెలుసు కాబట్టే వచ్చాను" అన్నాడు. నేను తలెత్తకపోయేసరికి వెళ్లిపోయాడు. ఇంటికెళ్లాక అత్తయ్య చెవిన వేద్దామనుకున్నాను. వెయ్యలేదు, ఏదో పనిలో పడి మర్చిపోయాను.

పదకొండో రోజు ఆయన కొయ్యని బెల్టులు రెండు చేతులా తెచ్చి నా కీబోర్డు మీద పడేశాడు. "ఇంక నేను కొయ్యను. కావాలంటే నన్ను పనిలోంచి తీసెయ్యమని చెప్పు" అన్నాడు.

అందులో ఒకటి పట్టుకుని అత్తయ్య దగ్గరికి వెళ్లాను. వెళ్లేటప్పుడు కూడా నా ధీమా నాదే, కత్తెర బాబాయికి చాదస్తం ముదిరిందనే అనుకుంటున్నాను.

"దీనికేమైంది అత్తయ్యా?"

ఆవిడ బొటనవేలితో తడిమింది. "దీనికేం, రాయిలా ఉంది. పొద్దున్నే చూసి పంపానుగా."

"ఏది నొక్కి పంపారు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి ఎర్ర గడి చూపించింది. "ఇదేగా పూర్తి కుట్టు."

"మరి ఈ పక్కది?"

"అది సగం కుట్టు కదే. కాస్త దిగి, దారం తెగి, పైకి పోయింది చూడు. పైగా ఆకుపచ్చ. కచ్చా దారం కూడా లాగలేదు."

నేను తెర వైపు చూశాను. నల్లటి నాడా మీద ఎర్ర కుట్టు. ఇన్నాళ్లూ రోజుకి పదిసార్లు ఆ బల్ల పక్కనుంచి నడిచిన నాకు అది అప్పుడు కనిపించింది. బాగున్న బెల్టులు పదకొండు రోజులుగా ముక్కలైపోతున్నాయి. బాగోలేనివి పెట్టెల్లో సర్దుకుని బయటికి పోతున్నాయి.

"ఏమైందే, అలా పాలిపోయావేం?" అంది అత్తయ్య.

ఇరవైతొమ్మిది బెల్టులు బయటికి పోయాయని కంప్యూటర్ చెప్పింది. ఆ సాయంత్రం ఓనరు గదిలో ఫోను కింద పెట్టే పనే లేకపోయింది. పెద్ద షాపులకి పోయిన ఇరవైఎనిమిదీ రెండు రోజుల్లో వెనక్కొచ్చాయి, చాలావరకు కవరు కూడా విప్పలేదు. ఒకటి మాత్రం దొరకలేదు. తెర పెట్టిన ఆరో రోజున మా ముందుగది కౌంటర్లో ఎవరో మనిషి దాన్ని విడిగా కొనుక్కుపోయాడు. పేరు రాసుకోలేదు. గోడలకు రంగులేసేవాడిలా ఉన్నాడని, చెప్పుల మీద తెల్లసున్నం మరకలున్నాయని కౌంటర్ అమ్మాయి చెప్పింది. అంతకుమించి ఆ పిల్లకేమీ గుర్తులేదు.

ఓనరు మమ్మల్ని ఇద్దర్నీ పిలిచాడు. అత్తయ్య గోడకి ఆనుకుని నిలబడింది. ఆవిడ చేతుల్లో ఏమీ లేకుండా నేనెప్పుడూ చూడలేదు, వాటినెక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తోచడం లేదు.

"ఏ బొమ్మ దేనికో నువ్వు ఈవిడకి చెప్పలేదా?" అని నన్నడిగాడు.

ఉద్యోగం పోతుందన్న భయం కొంత ఉంది. అంతకంటే ఎక్కువ, కంప్యూటర్ వచ్చన్న నా గొప్ప నలుగురి ముందూ పోతుందన్న బాధ ఉంది.

"చెప్పాను సార్. రెండుసార్లు చెప్పాను."

అత్తయ్య నా వైపు తిరిగింది. కోపం కాదు, ఆవిడ ముఖంలో వెతుకులాట కనిపించింది, ఎక్కడో పెట్టి మర్చిపోయిన తాళంచెవి కోసం చూస్తున్నట్టు. తర్వాత తల ఊపింది. "చెప్పే ఉంటుంది సార్. నేనే మరిచిపోయుంటాను" అంది.

ఆవిడ్ని అనుమానం బల్ల మీదనుంచి తీసేశారు. పంపెయ్యకుండా కింద పడ్డ దారం పోగులు ఊడ్చే పనిలో పెట్టారు, పాత మనిషని జాలితో. ఆ బల్ల దగ్గరికి చదువుకున్న అమ్మాయి వచ్చింది. బొమ్మల కింద అక్షరాలు కూడా వచ్చాయి. కుట్టుపని వాళ్లు నన్ను ఏడిపించడం మానేశారు, నన్ను చూస్తే మాట ఆపేసేవారు. కత్తెర బాబాయి మాత్రం పలకరించేవాడు. నాలుగో రోజు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. అది నాకు ఊరట కాకపోగా, ఆయన ఎదురుపడితే పక్క దారిన పోయేదాన్ని.

అత్తయ్య ఆ ఒక్క బెల్టునీ వదల్లేదు. పని కాగానే ఇంటికి రాకుండా వీధులంట తిరిగేది. ఎక్కడ ఇంటికి రంగులేస్తున్నా కింద నిలబడి తలెత్తి చూసేది. ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను. నాలుగంతస్తుల మేడ మీద తాడుకి వేలాడుతూ గోడ గీకుతున్న మనిషిని చూసి ఆవిడ కిందనుంచి కేకేసింది.

"ఏవయ్యా, నీ బెల్టు ఎక్కడ కొన్నావ్?"

"ఎందుకు పెద్దమ్మా, నీకూ కావాలా?"

"ఒక్కసారి దిగు నాయనా, చూసి ఇచ్చేస్తాను."

"భోజనాల వేళకి దిగుతా. అప్పటిదాకా నన్ను కింద పడనివ్వదులే ఇది" అని నవ్వాడు. మేము గంటన్నర ఎండలో నిలబడ్డాం. దిగొచ్చాక ఆవిడ అతని నడుం దగ్గర వంగి, బొటనవేలితో గడి తడిమి, గోరుతో నొక్కి, "బాగుంది. నీకేం భయం లేదు" అంది. అది మా కార్ఖానా బెల్టు కాదు. అతను మమ్మల్ని పిచ్చివాళ్లని చూసినట్టు చూశాడు.

దారిలో ఆవిడ మెడ రుద్దుకుంటూనే ఉంది. "ఇంక చాలించండి అత్తయ్యా" అన్నాను. "ఈపాటికి ఆ మనిషి ఇంకో బెల్టు కొనేసుంటాడు."

"కొన్నాడని చూసి వస్తే నిద్ర పడుతుందే" అంది.

అలా మూడు నెలలు గడిచాక రంగుల పని చేయించే మేస్త్రీ ఒకడు తగిలాడు. తన మనుషుల్లో ఒకడు పడిపోయాడని, బెల్టు సరిగ్గా కట్టుకోలేదని, వీధి చివర అద్దె గదిలో ఉంటాడని చెప్పాడు. ఏ రోజు పడ్డాడని అడిగాను. అతను వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టి చెప్పాడు. నాకు లెక్క పెట్టుకోనక్కర్లేకపోయింది. తెర పెట్టిన తొమ్మిదో రోజు అది. బాబాయి నాతో చెప్పింది నాలుగో రోజున. ఆ మనిషి బెల్టు కొన్నది ఆరో రోజున.

ఆ గదికి మేమిద్దరమే వెళ్లాం. కిటికీ పక్కన మంచం మీద నలభయ్యేళ్ల మనిషి పడుకుని ఉన్నాడు. భుజాలు బలంగా ఉన్నాయి, నడుం కిందినుంచి దుప్పటి కదలడం లేదు. రెండో అంతస్తు నుంచి పడ్డాడట. భార్య ఎవరు మీరని అడిగింది. బెల్టుల కార్ఖానా నుంచి వచ్చామని అత్తయ్య చెప్పింది.

"ఆ బెల్టు ఉందా అమ్మా?"

భార్య మంచం కిందనుంచి లాగి ఇచ్చింది. నాడా మడత విడిపోయి నోరు తెరుచుకుని ఉంది. గడిలో ఒక గీత నిండుగా ఉంది. రెండో గీత సగం దాకా వచ్చి ఆగిపోయింది. అత్తయ్య బొటనవేలు ఆ ఆగిపోయిన చోట ఆగింది.

"దీన్ని చూసింది నేనే బాబూ" అంది.

మంచం మీది మనిషి తల తిప్పాడు. "చూసే పంపారా?"

"చూశాను. సగం కుట్టని తెలుసుకునే నొక్కాను. కానీ ఏది నొక్కాలో మా కోడలు రెండుసార్లు చెప్పినా నా బుర్రకెక్కలేదు. మరిచిపోయాను. నావల్లే నువ్విలా..."

నా అబద్ధాన్ని నా మాటల్తోనే, తన తప్పుగా ఆవిడ ఆ మనిషి ముందు అప్పజెబుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది. నోరు పెగుల్చుకుని చెప్పాను. బొమ్మలు ఎంచింది నేనని, ఏది దేనికో ఒక్కసారి కూడా చెప్పలేదని, ఆవిడ ఆ బెల్టు వద్దనే అందని, తెరకది వినబడనట్టు చేసింది నేనని. నాలుగో రోజున ఒకాయన హెచ్చరించినా తలెత్తి చూడలేదని కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ మంచం కోడు వైపు చూస్తూ ఉన్నాను.

అతను అంతా విన్నాడు.

"మీ ఇద్దర్లో ఎవరైతే నాకేంటమ్మా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, నీరసంగా అన్నాడు.

భార్య మాత్రం ముందుకొచ్చింది. "ఈ మాట మేస్త్రీ ముందు చెబుతారా? బెల్టు కట్టుకోవడం రాదని అందరూ ఈయన్నే అన్నారు. పదిహేనేళ్లుగా కట్టుకుంటున్నాడు. ఒట్టేసి చెప్పినా ఎవరూ నమ్మలేదు. చివరికి నేనే కట్టుకున్నావా లేదా అని ఈయన్ని పదిసార్లు అడిగాను."

చెబుతానన్నాను. ఆ వారంలోనే మేస్త్రీకీ, ఓనరుకీ, కార్ఖానాలో అందరి ముందూ చెప్పాను. నా ఉద్యోగం పోయింది. అత్తయ్యని మళ్లీ బల్ల మీద కూర్చోమన్నారు కానీ ఆవిడ కూర్చోలేదు. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు ఆ గదిలోంచి బయటికొచ్చి బస్టాపు దాకా మేమిద్దరం నడిచాం.

అక్కడ సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. నన్ను తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండునని కూడా ఉంది.

"నాకు చెప్పలేదా?" అంది చివరికి.

"లేదత్తయ్యా."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా చెప్పలేదు."

ఆవిడ తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "నాకు మతి పోతోందనుకున్నానే" అంది. "నువ్వు చెప్పడమేమో నిజం, నాకు ఒక్క ముక్కా గుర్తుకు రాదు. ఎంత గింజుకున్నా రాదు. ఇంకేమేం మరిచిపోతున్నానో అని వణికిపోయాను. పొయ్యి ఆపానో లేదోనని నాలుగుసార్లు లేచి చూస్తున్నాను. మోకాళ్లు నొప్పులని చెప్పి పాపని స్కూలు నుంచి తీసుకురావడం నీకు అప్పజెప్పానే, మోకాళ్లకేం కాలేదు. దాన్ని దారిలో ఎక్కడో కూర్చోబెట్టి, మరిచిపోయి వచ్చేస్తానేమోనని."

క్షమించండి అనబోయాను.

మూడు నెలల నుంచీ మా పాప రోజూ అడుగుతోంది, నానమ్మ ఎందుకు రావట్లేదని. నేను కూడా మోకాళ్ల నొప్పులనే చెబుతున్నాను.

బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు ఎప్పట్లాగే చెయ్యి అందించాను. ఆవిడ నా చెయ్యి చూసి, కడ్డీ పట్టుకుని తనే ఎక్కింది.